ముల్లు మీటరూ, మరపడవా

“బాబుగారు రేడియోలు బాగుచేత్తారంట గదండీ, ఇంజను చూడలేరా?”

ఈ ప్రశ్న వేసింది మా ఇంటికి ఉప్పాడ నుంచి చేపలు తెచ్చే ఆవిడ. అప్పటికి మే నెల ముగింపుకొచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరపడవలు వేటకు పోకూడదన్న నిషేధం ఉంది కదా! అంచేత ఆవిడ గంపలో ఎండు మెత్తళ్ళు తప్ప మరేమీ లేవు. మా ఆవిడ వాటిని బేరం చేస్తూ ఉండగా, వరండాలో పేపరు చదువుకుంటున్న నా మీద పడింది ఆ ప్రశ్న.

రేడియోలు బాగుచేసిన మాట నిజమే. అది ఏనాటి మాటో! మా మేనమామగారికి కాకినాడలో చిన్న రేడియో షాపు ఉండేది. 1968 వేసవి సెలవుల్లో నన్ను అక్కడ కూర్చోబెట్టారు. తర్వాత ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను. ఇప్పుడు రేడియోలూ లేవు, షాపూ లేదు. మిగిలింది ఆయన నాకిచ్చిన ఆవో మీటరు ఒక్కటే.

సంగతేమిటంటే, ఆవిడ కొడుక్కి ఒక ఫైబరు బోటుంది. దాని వెనక తగిలించే ఇంజను, అంటే అవుట్‌బోర్డు మోటారు, పది గుర్రాల శక్తికి కాస్త లోపుది, రెండు సిలిండర్లది. మార్చి చివర్లో ఒక రాత్రి ఒడ్డుకు బాగా దూరంలో ఆగిపోయింది. కుర్రవాడూ, వాడి బావమరిదీ తాడు లాగీ లాగీ చేతులు బొబ్బలెక్కించుకుని, తెల్లవార్లూ నీటివాలుకు కొట్టుకుపోయారు. పొద్దున ఇంకో బోటువాళ్ళు చూసి కట్టి లాక్కొచ్చారు. ఒడ్డుకొచ్చాక ఒక్క లాగుకే అంటుకుంది!

“ఏడెక్కితే ఆగిపోద్దండి. సల్లారితే మల్లీ పలుకుద్దండి. అదేం రోగమో!” అంది ఆవిడ. షాపులో చూపిస్తే, పెట్టె పోయింది, కొత్తది వెయ్యాలన్నారట. ధర వేలల్లో. జూన్ 14 అర్ధరాత్రి దాటగానే బోట్లన్నీ నీళ్ళలో దిగుతాయి. ఆ వేళకి ఇంజను పలక్కపోతే, ఏడాది మొత్తంలో మంచి వేట రోజులు ఒడ్డున కూర్చుని చూడాల్సిందే. కోడలి మెళ్ళో నానుతాడు తాకట్టు పెట్టడానికి కొడుకు సిద్ధమయ్యాడట.

“ఓసారి చూసి రారాదూ! ఊరికే కూర్చునేకదా ఉన్నారు,” అంది మా ఆవిడ. ఈ సిఫార్సుకి మెత్తళ్ళ బేరంలో ఆవిడ కొంత తగ్గించి ఉంటుందని నా అనుమానం.

ఆవో మీటరు గురించి ఒక మాట చెప్పాలి. ఆంపియర్లు, వోల్టులు, ఓములు, ఈ మూడు మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. లండనులో పోస్టాఫీసు ఇంజనీరు డొనాల్డ్ మెకాడీ అనే ఆయన, ఒక్కో కొలతకి ఒక్కో మీటరు మోసుకు తిరగలేక, మూడూ ఒకే పెట్టెలో ఇమిడ్చాడు. 1923లో అది అమ్మకానికి వచ్చింది. నా దగ్గరున్నది 8వ మోడలు. ఆ మోడలు 1951లో మొదలై 2008 దాకా తయారయింది. బరువు మూడు కిలోల దాకా ఉంటుంది. ముల్లు కింద అద్దం పట్టీ ఉంటుంది. ముల్లూ, అద్దంలో దాని నీడా ఒకటై కనిపించేలా కన్ను పెట్టి చదవాలి. పొరబాటున ఎక్కువ కరెంటు పంపితే పైనున్న బొత్తాం టక్కున పైకి తన్నుకొచ్చి, మీటరును కాపాడుతుంది. లోపల 15 వోల్టుల బ్యాటరీ ఒకటి కావాలి. అది బజార్లో దొరకడం మానేసి చాలా కాలమయింది. మూడేసి వోల్టుల బొత్తాం సెల్సు అయిదు వరసగా పేర్చి దారంతో కట్టి సరిపెట్టుకున్నాను. మా మనవడు దాన్ని చూసి, “తాతయ్యా, మ్యూజియంవాళ్ళు అడగలేదా?” అన్నాడు. వాడి దగ్గర అంకెలు చూపించే మీటరుంది. అరచేతిలో ఇముడుతుంది. కీచుమంటుంది కూడాను.

మూడు కిలోల మీటరూ, మనవడూ, నేనూ ఉప్పాడ బస్సెక్కాం. దారి పొడుగునా సముద్రం తిన్నంత తిని వదిలిన రోడ్డు.

ఇంజను ఒక పాక ముందు చెక్కల మీద బిగించి ఉంది. కుర్రవాడికి ముప్ఫయ్యేళ్ళుంటాయి. మనిషి మాట తక్కువ. మూత ఊడదీసి పక్కకి నిలబడ్డాడు.

ఇలాంటి ఇంజన్లలో నిప్పురవ్వ ఎలా పుడుతుందో చెబుతాను. కార్లో మాదిరి పెద్ద బ్యాటరీ అక్కర్లేదు. పైన తిరిగే ఫ్లైవీలులో అయస్కాంతాలుంటాయి. తాడు లాగితే అవి గిర్రున తిరుగుతాయి. వాటి కింద ఒక రాగితీగ చుట్ట ఉంటుంది. దాన్ని ఛార్జి కాయిలంటారు. అయస్కాంతం దాటినప్పుడల్లా అందులో వందల వోల్టుల కరెంటు పుడుతుంది. ఆ కరెంటు నల్లటి పెట్టెలోకి పోతుంది. సీడీఐ పెట్టె అంటారు. అందులో డయోడు ఉంటుంది, అంటే కరెంటును ఒకే వైపుకి పోనిచ్చే తలుపు. అది దాటి కరెంటు ఒక కండెన్సరులో నిండుతుంది, కుండలో నీళ్ళు నిండినట్టు. ఈలోగా ట్రిగ్గరు కాయిలనే రెండో చుట్ట, సరిగ్గా ప్లగ్గు మండాల్సిన క్షణంలో చిన్న సైగ చేస్తుంది. వెంటనే థైరిస్టరనే గేటు తెరుచుకుని, కండెన్సరులో ఉన్నదంతా ఒక్కసారిగా ఇగ్నిషన్ కాయిల్లోకి దూకుతుంది. అక్కడ అది వేల వోల్టులుగా పెరిగి ప్లగ్గు కొస దగ్గర రవ్వయి ఎగురుతుంది. నిమిషానికి వేలసార్లు ఇదంతా జరగాలి. ఎక్కడ ఒక్క తీగ తెగినా అంతా బంద్.

1960లకు ముందున్న మోటార్లలో ఈ పెట్టె ఉండేది కాదు. కాంటాక్టు పాయింట్లూ, బొటనవేలంత కండెన్సరూ ఉండేవి. ఓలె ఎవిన్‌రూడ్ 1909లో అమెరికాలోని మిల్వాకీలో అమ్మడం మొదలెట్టిన మోటారు పాయింట్లదే. ప్రియురాలికి ఐస్‌క్రీం తేవడానికి ఎండలో తెడ్లు వేసుకుంటూ సరస్సు దాటి, అది కరిగిపోతే విసిగి ఆయన మోటారు తలపెట్టాడని కథ చెబుతారు. ఐస్‌క్రీం సంగతేమో కాని, ఆ పాత కండెన్సర్లను పరీక్షించడంలో ముల్లు మీటరుని మించింది లేదు. ఓముల పెద్ద రేంజిలో పెట్టి తీగలు తగిలిస్తే, ముల్లు ఒక్కసారి ఎగిరి, మెల్లిగా వెనక్కి వాలిపోతుంది. ఎగిరిందంటే లోపల సరుకుంది. వాలిందంటే కారడం లేదు. ఎగిరి అక్కడే నిలబడితే కండెన్సరు పోయినట్టే. మా మేనమామగారి షాపులో నేను మొట్టమొదట నేర్చుకున్న విద్య అది. వంద కండెన్సర్లు చూశాక, ముల్లు ఎగిరే తీరు చూసే సైజు చెప్పేసేవాణ్ణి.

ఉప్పాడ పాక ముందు మాత్రం సీడీఐ పెట్టె ఉంది. ముందు మీటరు తీగలు రెండూ ఒకదానికొకటి తాకించి, ముల్లును సున్నాకి తెచ్చుకున్నాను. ఇది మరిచిపోయినవాడు ఏ కొలతా కొలవనట్టే. మొదట ఇంజను ఆపే స్విచ్చు తీగ ఊడదీసి చూశాను. ఈ ఇంజన్లో ఆ స్విచ్చు నొక్కితే ఛార్జి కాయిలు కరెంటు ఇంజను ఒంట్లోకి పారిపోతుంది, దానితో ఇంజను ఆగుతుంది. ఉప్పునీరు చేరి ఆ తీగ దానంతటదే కారుతుంటే, ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టవుతుంది. చాలా ఇంజన్లకు ఇదే జబ్బు. దీనికి మాత్రం లేదు. ముల్లు కదల్లేదు.

తర్వాత ఛార్జి కాయిలు: 210 ఓములు. మెకానిక్కు దగ్గర్నుంచి కుర్రవాడు తెచ్చిన జిరాక్సు కాగితాల్లో ఇచ్చిన హద్దుల్లోనే ఉంది. ట్రిగ్గరు కాయిలూ బాగానే ఉంది. ఇగ్నిషన్ కాయిలు మొదటి చుట్ట ఒక ఓముకి లోపు, రెండో చుట్ట కొన్ని వేలు, అదీ సరే. మిగిలింది పెట్టె. కాగితంలో దానికొక పట్టిక ఉంది. ఎర్ర తీగ ఇక్కడా, నల్ల తీగ అక్కడా పెడితే ముల్లు కదలాలి, తారుమారు చేస్తే కదలకూడదు. నేను పెట్టి చూశాను. కదలాల్సిన చోట కదల్లేదు, కదలకూడని చోట కదిలింది.

“షాపువాళ్ళు చెప్పింది నిజమేనోయ్. పెట్టె పోయింది,” అన్నాను.

కుర్రవాడు ఏమీ అనలేదు. “అలాగేనండి,” అని మూత బిగించాడు. వాళ్ళమ్మ మాకు కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏదో తప్పు జరిగిందని తెలుస్తోంది కాని, ఏమిటో తట్టడం లేదు. రెండు గంటలప్పుడు తట్టింది. తట్టడమేమిటి, 1968లో మా మేనమామగారు నెత్తి మీద వేసిన మొట్టికాయ మళ్ళీ తగిలింది! ట్రాన్సిస్టరు ఒకటి పోయిందని నేను పారెయ్యబోతే, ఆయన మొట్టి, “ఒరేయ్, ఓముల్లో పెట్టినప్పుడు ఈ మీటరు నల్ల తీగే ప్లస్సురా!” అన్నారు.

అదీ సంగతి. పాత ముల్లు మీటర్లలో, ఓములు కొలిచేటప్పుడు లోపలి బ్యాటరీ ప్లస్సు నల్ల తీగకి వస్తుంది. ఎర్ర తీగకి మైనస్సు. అంకెల మీటర్లలో ఎర్రదే ప్లస్సు. మామూలు చుట్టలు కొలిచినప్పుడు ఈ తేడా పట్టింపు లేదు. డయోడు దగ్గర మాత్రం ఫలితం తలకిందులవుతుంది. పైగా, ఆ పట్టికలు తయారుచేసేవాళ్ళు తమ సొంత మీటరుతో కొలిచి రాస్తారు. ఇంకో మీటరుతో అవే జవాబులు వస్తాయన్న నమ్మకం లేదు. అంటే నేను ఆ పెట్టె మీద చెప్పిన తీర్పుకి విలువేమీ లేదన్నమాట. నా మాట పట్టుకుని కుర్రవాడు తెల్లారగానే తాకట్టు కొట్టుకి పోతాడు.

అయిదింటికి ఫోను చేశాను. వాళ్ళమ్మ ఎత్తింది. “మావోడు పని మీద ఎల్లాడండి. పోను ఇక్కడే వదిలేసాడు. అటునించటే కాకినాడ కొత్తానన్నాడు,” అంది. ఏ కొట్టో అడిగి తెలుసుకుని, తొమ్మిదింటికే వెళ్ళి దాని మెట్ల మీద కూర్చున్నాను. కొట్టు తీసేవాడు నన్ను కూడా తాకట్టు గిరాకీ అనుకున్నాడు కాబోలు, జాలిగా చూశాడు. పదిన్నరకి కుర్రవాడు వచ్చాడు. జేబులో రుమాలు మూట.

“నిన్న నేను చెప్పింది తప్పు,” అన్నాను.

“అయితే పెట్టె మంచిదేనాండి?”

“అదీ తెలీదు. నాకు తెలీదన్న సంగతి రాత్రి తెలిసింది.”

వాడు కాసేపు నా మొహంకేసి చూశాడు. డెబ్భయ్యేళ్ళ మనిషి మెట్ల మీద కూర్చుని ఈ మాట చెబుతుంటే ఏమనాలో వాడికి పాలుపోయి ఉండదు. “టీ తాగుదాం రండి,” అన్నాడు చివరికి.

టీ దగ్గర నేను మొదటే అడగాల్సిన ప్రశ్నలు అడిగాను. ఎంతసేపటికి ఆగుతుంది? ముప్పావు గంట అటూ ఇటూ. ఆగేముందు తడబడుతుందా? కాసేపు తడబడి, రెండు సిలిండర్లూ ఒక్కసారే పోతాయి. ఎంతసేపటికి మళ్ళీ అంటుకుంటుంది? పావుగంట, ఒక్కోసారి అరగంట. వేడెక్కితే పోయే జబ్బుని చల్లగా ఉన్న ఇంజన్లో వెతికాను నేను! జ్వరం లేని వేళ నాడి చూసి ఒంట్లో బాగానే ఉందన్న వైద్యుడి లెక్క. రెండు సిలిండర్లూ ఒక్కసారే పోతున్నాయంటే, తప్పు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉండాలి. అంటే ఛార్జి కాయిలో, పెట్టో.

మర్నాడు మళ్ళీ ఉప్పాడ. ఈసారి పెద్ద నీలం ప్లాస్టిక్కు డ్రమ్ము సగానికి కోయించి, నీళ్ళు నింపి, ఇంజను కాలు అందులో ముంచి నడిపాం. నీళ్ళు లేకుండా ఈ మోటార్లను నడపకూడదు. లోపల నీళ్ళు తోడే రబ్బరు చక్రం చూస్తుండగానే కాలిపోతుంది. డ్రమ్ములో నీళ్ళు సలసలమంటూ తిరిగాయి, పొగ పాకంతా కమ్మింది, పిల్లలు చుట్టూ మూగారు. నలభై నిమిషాలయింది. మనవడు గడియారం చూస్తున్నాడు. నలభై మూడో నిమిషంలో ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది.

కుర్రవాడు గబుక్కున ఛార్జి కాయిలు ప్లగ్గు ఊడదీశాడు. మనవడు ముందుగా తన మీటరు తగిలించాడు. దాని మీద ఒకసారి ఏమీ లేదనీ, ఒకసారి మూడు వేలనీ, మళ్ళీ ఏమీ లేదనీ అంకెలు గెంతాయి. “తాతయ్యా, దీనికి బ్యాటరీ అయిపోయినట్టుంది,” అన్నాడు. అది తీసి నా తీగలు తగిలించాను.

ముల్లు అనంతం గుర్తు దగ్గర ఉంది. అయితే నిలకడగా లేదు. సన్నగా వణుకుతోంది, గాలికి దీపం వత్తి వణికినట్టు. తీగ తెగిపోతే ముల్లు చచ్చినట్టు పడి ఉండాలి. పూర్తిగా కలిసి ఉంటే ఒక అంకె మీద నిలవాలి. వణుకుతోందంటే, లోపల ఎక్కడో రెండు కొసలు ఒకదాన్నొకటి తాకీ తాకకుండా ఉన్నాయన్నమాట. ఎవరూ మాట్లాడలేదు. ఏడు నిమిషాలు అలాగే చూస్తూ కూర్చున్నాం. ఉన్నట్టుండి ముల్లు ఒక్క గెంతు గెంతి 240 దగ్గర నిలబడింది. అక్కడినుంచి ఇంజను చల్లారేకొద్దీ కంటికి కనపడనంత మెల్లిగా 230కి, 220కి దిగడం మొదలెట్టింది.

ఆ దిగడం కూడా లెక్క ప్రకారమే. రాగికి వేడెక్కే ప్రతి డిగ్రీకి నూటికి దాదాపు 0.4 వంతున ఓములు పెరుగుతాయి. 210 ఓముల చుట్ట యాభై డిగ్రీలు వేడెక్కితే 250 అవుతుంది. అంచేత వేడి ఇంజన్లో 240 చూసి కంగారు పడక్కర్లేదు. అనంతం చూస్తే పడాలి.

“పెట్టె కాదోయ్. ఈ చుట్ట,” అన్నాను. ఈసారి మాట నెమ్మదిగానే వచ్చింది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. చుట్ట తప్పని తేలినంత మాత్రాన పెట్టె మంచిదని రుజువు కాలేదు. పెట్టెలోకి వచ్చే వోల్టులు క్షణంలో వెయ్యోవంతు పాటు ఎగిరి పడిపోతాయి. మా ముల్లు బరువైంది, అంత వేగంగా లేవలేదు. తాడు లాగుతూ ఏసీ వోల్టుల్లో పెట్టి చూస్తే ముల్లు ఎగురుతుంది గాని, అది చూపించే అంకె అసలుకన్నా బాగా తక్కువ. అసలు శిఖరం కొలవాలంటే డయోడూ, కండెన్సరూ ఉన్న వేరే జోడింపు తగిలించాలి. పని చేస్తున్న ఇంజన్లో ప్లగ్గు తీగకి మాత్రం ఏ మీటరూ తగిలించకూడదు. మీటరూ పోతుంది, మనిషికీ ప్రమాదమే. ఇంత మోటు పనిముట్టుతో పెట్టె సంగతి తేల్చాలంటే, చుట్ట బాగుచేసి మళ్ళీ నడిపి చూడడం ఒక్కటే దారి.

ఫ్లైవీలు ఊడదీయడానికి పుల్లరు కావాలి. సుత్తితో కొట్టి తీసేవాళ్ళున్నారు గాని, అలా తీస్తే అయస్కాంతాలు పగులుతాయి. కుర్రవాడు పక్క ఊరి మెకానిక్కు దగ్గర పుల్లరు తెచ్చాడు. తీసి చూస్తే, చుట్టలోని సన్నతీగకీ బయటికి వచ్చే లావు తీగకీ వేసిన అతుకు ఉంది. దాని చుట్టూ పచ్చగా చిలుము పట్టింది. గోటితో కదిపితే కదులుతోంది. ఉప్పుగాలి అతుకులోకి పాకి రాగిని తినేసింది. చల్లగా ఉన్నప్పుడు కొసలు ఆనుకుంటున్నాయి, వేడికి వ్యాకోచించి విడిపోతున్నాయి.

చిలుము గీకి, తీగ మెరిసేదాకా రుద్ది, టంకం వేశాను. నా చెయ్యి ఇప్పుడు కాస్త వణుకుతుంది. మనవడు దీపం పట్టుకున్నాడు. వార్నిషు పూసి, గొట్టం తొడిగి, తీగ ఊగకుండా దారంతో కట్టాం. ఖర్చు మొత్తం మా బస్సు ఛార్జీలకన్నా తక్కువే.

మళ్ళీ డ్రమ్ములో నడిపాం. నలభై మూడు నిమిషాలు దాటాయి. గంటయింది. గంటన్నరయింది. ఇంకా పెట్రోలు తగలెయ్యడం ఎందుకని కుర్రవాడే ఆపాడు. ఆపి, వెంటనే తాడు లాగాడు. అంటుకుంది.

జూన్ 15 తెల్లవారుజామున బోట్లు వెళ్ళాయి. ఆ రోజంతా నేను ఫోను దగ్గరే తచ్చాడానని మా ఆవిడ అందరికీ చెప్పింది. అది అబద్ధం. మధ్యాహ్నం గంటసేపు నిద్రపోయాను. సాయంత్రం ఆరింటికి కుర్రవాడే ఫోను చేశాడు. “ఒడ్డుకొచ్చామండి,” అన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

మర్నాడు వాళ్ళమ్మ గంపతో వచ్చింది. ఈసారి ఎండు మెత్తళ్ళు కావు. డబ్బు తీసుకోనని ఆవిడా, తీసుకోకపోతే చేపలు ముట్టనని మా ఆవిడా చాలాసేపు వాదించుకున్నారు. చివరికి బేరం ఎలా తెగిందో నాకు తెలియదు. మధ్యాహ్నం పులుసు మాత్రం బాగుంది.

ఆ పై వారం కుర్రవాడు ఆటోలో ఇంకెవరిదో ఇంజను వేసుకుని మా వీధిలో దిగాడు. స్విచ్చు తీగ వాడే చూశాడట, ముల్లు మీటరొకటి ఎక్కడో పాతసామాన్ల కొట్లో సంపాదించాడట. “నల్ల తీగే పలస్సు గదండీ?” అని అడిగాడు. ఇంజను మా వరండాలో ఉంది. డ్రమ్ము ఎక్కడ పెడతారని మా ఆవిడ అడుగుతోంది.